మా హార్మోనియం డబ్బు తిరిగి వచ్చింది: సాయం చేసిన అందరికీ దండాలు

నల్గొండ పక్కనే ఉన్న పానగల్లులో, ఛాయా సోమేశ్వరుడి గుడి దగ్గర ప్రతి సోమవారం సాయంత్రం కూర్చుని భజన చేసే మా బృందం తరఫున ఇది రాస్తున్నాను. ఆన్‌లైన్ వేలంలో మేము పాడుకున్న హార్మోనియం మాకు చేరలేదు. కట్టిన 18,300 రూపాయలూ పోయినట్టే అనుకున్నాం. ఆ డబ్బు మొత్తం సంక్రాంతికి ముందే తిరిగి వచ్చింది. శివరాత్రి పనుల్లో పడి ఇన్నాళ్లూ రాయలేకపోయాను, ఆలస్యానికి మన్నించండి. ఎవరెవరు చేయి వేస్తే ఆ డబ్బు వెనక్కి వచ్చిందో ఊరందరికీ తెలియాలి.

మా పాత హార్మోనియం నలభై ఏళ్ల నాటిది. తిత్తిని ఎలుకలు కొరికాయి. గుడ్డ అతికించినా గాలి నిలిచేది కాదు. మంద్రంలో మూడు మెట్లు నొక్కితే మళ్లీ పైకి లేచేవి కావు, చేత్తో లేపుకోవాలి. అమావాస్య రాత్రి చెరువుగట్టు గుట్ట మీద పాడేటప్పుడు అది మధ్యలో మూగబోతే, తాళాల మీదే కీర్తన ముగించి కిందికి దిగాం. ఆ రాత్రే అందరం నిర్ణయించుకున్నాం, శివరాత్రి జాగారానికి మంచి వాయిద్యం ఉండాలని. ఇరవై మూడు ఇళ్ల వాళ్లు చందా వేశారు. మా బృందంలో తాళం వేసే అవ్వకు నెలకు వచ్చేది 2,016 రూపాయల పింఛను. అందులోంచి 500 తీసి కొంగుముడి విప్పి నా చేతిలో పెట్టింది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆ తర్వాత రెండు నెలలూ నాకు నిద్రలో కూడా ఆ కొంగుముడే కనిపించింది.

వేలం పెట్టిన సైటులో ఫొటోలు బాగున్నాయి. రెండు వరుసల రీడ్లు, పసుపుబారిన మెట్లు, టేకు పెట్టె. పెట్టెతో కలిపి 14 కిలోల బరువు అని రాశారు. పాట 6,000 దగ్గర మొదలై కార్తీకమాసం చివరి సోమవారం రాత్రి 17,400 దగ్గర మాకు ఖాయమైంది. రవాణాకు మరో 900. మా అబ్బాయి కార్డుతో సైటులోనే కట్టాం. అంతకు ముందు అమ్మకందారు ఫోను చేసి, డబ్బు నేరుగా తన ఖాతాకు పంపితే 800 తగ్గిస్తానని అన్నాడు. మా అబ్బాయి ఒప్పుకోలేదు. ఆ ఒక్క మాట మీద నిలబడినందుకు వాడికీ ఇక్కడే కృతజ్ఞత చెప్పుకుంటున్నాను. నేనైతే 800 మిగులుతాయి కదా అని పంపేదాన్ని.

తర్వాత అమ్మకందారు స్పీడ్ పోస్టు నంబరు పంపాడు. రోజూ పొద్దున్నే చూసుకునేవాళ్లం. పదకొండో రోజు ఆ నంబరు కింద ‘బట్వాడా అయింది’ అని కనిపించింది. ఆ రోజంతా నేను ఇంట్లోనే ఉన్నాను, వీధి తలుపు తీసే ఉంది. ఎవరూ రాలేదు. అమ్మకందారుకు ఫోను చేస్తే మొదటి రోజు మోగింది, రెండో రోజు నుంచి మూగబోయింది. సైటు వాళ్లకు రాస్తే, మీ ఊళ్లోనే బట్వాడా అయినట్టు తపాలా శాఖ నమోదులో ఉంది కాబట్టి మీ ఫిర్యాదు మూసేశాం, అమ్మకందారుకు డబ్బు విడుదల చేశాం అని జవాబు వచ్చింది. వస్తువు అందలేదని మేమంటే, అందిందని నంబరు అంటోంది. నంబరు ముందు మా మాట ఎవరు నమ్ముతారు?

సరిగ్గా అక్కడే మా పానగల్లు పోస్ట్‌మ్యాన్ గారు నిలబడ్డారు. తన పేరు రాయవద్దని కోరారు కాబట్టి రాయడం లేదు, కానీ సైకిలు బెల్లు వినగానే మా వీధి పిల్లలందరికీ ఆయనెవరో తెలుసు. నా ఫోనులో ఆ నంబరును ఒక్కొక్క అంకె చదివి, చీటీ మీద రాసుకున్నారు. “టీచరమ్మా, ఈ వీధులన్నీ నావే. 14 కిలోల పెట్టె అయితే నేను మోయకుండా మీ దగ్గరికి ఎలా వస్తుంది? ఈ నంబరు నా చేతుల మీదుగా పోలేదు” అన్నారు. నా మాట నమ్మిన మొదటి మనిషి ఆయన.

రెండు రోజుల తర్వాత డ్యూటీ ముగించుకుని, చీకటి పడ్డాక మా ఇంటికి వచ్చారు. చేతిలో ఒక ఖాకీ కవరు. నల్గొండ హెడ్ పోస్టాఫీసులో మిగతా పోస్ట్‌మ్యాన్‌లను ఒక్కొక్కరినీ అడిగితే, టౌనులో మరో కాలనీ చూసే ఆయనకు గుర్తుందట. మందం కూడా లేని కవరు, సంతకం పెట్టించుకుని ఇచ్చానని చెప్పారట. ఇద్దరూ కలిసి ఆ ఇంటికి వెళ్లారు. ఆ ఇంటివాళ్లు కవరు విప్పి చూస్తే లోపల పాత వార్తాపత్రిక కాగితాలు రెండు, అంతే. ఎవరు పంపారో, ఎందుకు పంపారో తెలియక పక్కన పెట్టారట. వాళ్లను అడిగి ఆ కవరు తెచ్చారు. పేరు, చిరునామా ఉన్న చోటును లోపలికి మడిచి పిన్ను కొట్టారు. అవతలివాళ్ల వివరాలు మాకు తెలియకూడదు, అది ఉద్యోగ ధర్మం అన్నారు. పైకి కనిపించేది బుకింగ్ చీటీ మాత్రమే. దాని మీద అదే పదమూడు అక్షరాల నంబరు. దాని కింద అచ్చులో బరువు: 45 గ్రాములు.

“హార్మోనియం ఇందులో పట్టదు కదమ్మా. మీకిది చాలు” అన్నారు.

నేను ముప్పై ఏళ్లు బడిలో పిల్లలకు కొలతలు, తూనికలు చెప్పాను. 45 గ్రాములు అన్న ఆ అచ్చు చూసి నాకు కళ్ల నీళ్లు ఆగలేదు.

మోసం ఎలా జరిగిందో అప్పుడు అర్థమైంది. మా పిన్‌కోడ్‌లోనే ఉన్న ఏదో ఒక చిరునామాకు ఉత్త కవరు పంపితే, అది అక్కడ బట్వాడా అవుతుంది. కంప్యూటరులో మాత్రం ‘నల్గొండలో బట్వాడా’ అని పడుతుంది. ఆ మాటనే చూపించి అమ్మకందారు డబ్బు విడుదల చేయించుకున్నాడు.

పోస్టుమాస్టరు గారికి కూడా చేతులెత్తి మొక్కుతున్నాను. రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వమన్నారు, ఇచ్చాను. ఫలానా నంబరు వస్తువు బరువు 45 గ్రాములని, అది మా చిరునామాకు బట్వాడా కాలేదని ముద్ర వేసి ఉత్తరం ఇచ్చారు. నాలుగు వాక్యాల ఉత్తరం అది. నాలుగే వాక్యాలు, కానీ మా కేసంతా దాని మీదే నిలబడింది.

ఆ ఉత్తరం పట్టుకుని నల్గొండ కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక యువ న్యాయవాదిని కలిశాను. మా వీధిలో తెలిసినవాళ్లు పంపారు. ఆమె నన్ను కూర్చోబెట్టి, నా కంగారు తగ్గే దాకా మంచినీళ్లు తాగించి, మొత్తం విన్నారు. నాకు అప్పటిదాకా తెలియని సంగతులు చెప్పారు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి సైటుకూ ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. అప్పటికీ కదలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మేము ఉండే జిల్లాలోనే, అంటే నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. అమ్మకందారు ఏ రాష్ట్రంలో ఉన్నా మేము అక్కడికి పోనక్కరలేదు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే కోర్టు రుసుము లేదు. రెండేళ్ల గడువు ఉంది. డబ్బు పోయిందని తెలిసిన క్షణంలోనే అయితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలని కూడా చెప్పారు. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుందట. మేము అప్పటికే ఆలస్యం చేశాం. అయినా మరొకరు మోసపోకూడదని సైబర్ నేరాల విభాగానికి కూడా ఫిర్యాదు రాయించారు.

సైటు ఫిర్యాదుల అధికారికి ఆమె రాసి ఇచ్చిన లేఖ రెండు పేజీలు. ఒక్క కటువైన మాట లేదు. వాళ్ల ప్రకటనలోని 14 కిలోలు ఒక పక్క, తపాలా వారి 45 గ్రాములు మరో పక్క, మధ్యలో తేదీలు. ఫీజు ఎంతమ్మా అంటే, శివరాత్రికి వచ్చి భజన వింటాను, అదే ఫీజు అన్నారు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఆ రోజు నా ఫోను ఎత్తిన అమ్మాయి ఈ మాటలు చదువుతుందో లేదో తెలియదు. తెలుగులో మాట్లాడవచ్చని తెలియక నేను వచ్చీరాని హిందీలో మొదలుపెడితే, “తెలుగులోనే చెప్పండమ్మా, తొందర లేదు” అంది. నా గొంతు వణుకు ఆ మాటతో తగ్గింది. ఫిర్యాదు సంఖ్య ఇచ్చి, ఏయే కాగితాలు జతచేయాలో వరుసగా చెప్పింది. బిడ్డా, నువ్వు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఈసారి మర్నాడే సైటు నుంచి ఫిర్యాదు అందినట్టు జవాబు వచ్చింది. తొమ్మిదో రోజు 18,300 రూపాయలు కార్డు ఖాతాలో పడ్డాయి. ఆ అమ్మకందారు ఖాతాను నిలిపివేశామని కూడా రాశారు.

ఇక మా బృందం వాళ్ల గురించి. ఆ రెండు నెలల్లో ఒక్కరంటే ఒక్కరు నన్ను లెక్క అడగలేదు. భజనకు పోవడానికి నాకే మొహం చెల్లక ఒక సోమవారం ఇంట్లో ఉండిపోతే, అవ్వ కర్ర పట్టుకుని వచ్చింది. “డబ్బు నువ్వు తిన్నావా బిడ్డా? తిననప్పుడు తల ఎందుకు దించుతావు? నడువు” అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. మిగిలిన సాయాలన్నీ ఒక ఎత్తు, ఆ చెయ్యి ఒక ఎత్తు.

కొత్త హార్మోనియం హైదరాబాదులో, వాయిద్యాలు బాగుచేసే ఆయన దుకాణంలో కొన్నాం. ముగ్గురం వెళ్లి, ప్రతి మెట్టూ నొక్కి, తిత్తి ఊది, గంటసేపు వాయించి చూసి 16,500కు తీసుకున్నాం. సామాన్ల అర మీద పెట్టడానికి మనసొప్పక ఆర్టీసీ బస్సులో నల్గొండ దాకా వంతులవారీగా ఒళ్లో పెట్టుకుని తెచ్చాం. మిగిలిన 1,800తో పెట్టెకు గుడ్డ కవరు కుట్టించి, రెండు జతల తాళాలు కొన్నాం. రసీదులన్నీ నా దగ్గర ఉన్నాయి, చందా ఇచ్చినవాళ్లు ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు.

శివరాత్రికి న్యాయవాది గారు తమ అమ్మగారితో కలిసి వచ్చి మూడో జాము దాకా కూర్చున్నారు. పోస్ట్‌మ్యాన్ గారు మర్నాడు డ్యూటీ ఉందని పది గంటలకే వెళ్లిపోయారు, సరిగ్గా వినలేకపోయారు. అయ్యా, సోమవారం భజన సాయంత్రం ఆరున్నరకు మొదలవుతుంది. మీ ఇంటిల్లిపాదీ రావాలి. మొదటి కీర్తన మీరు కోరిందే పాడతాం, అవ్వ పక్కన మీకు చోటు ఉంచుతాం.