పత్తి మాది, నూలు మాత్రం బయటిది

సంపాదకులకు నమస్కారం.

పత్తి సీజన్ వచ్చిందంటే మీ జిల్లా పేజీ నిండా తేమ శాతం, స్లాట్లు, మిల్లుల ముందు ట్రాక్టర్ల బారులే. రాయాల్సినవే అవి. నేనూ మొన్న రెండు రాత్రులు పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ మిల్లు గేటు బయట ట్రాక్టర్ మీదే పడుకున్నాను. మద్దతు ధర కొనుగోలులో పత్తి తేమ 8 శాతం దాటితే ధరలో కోత, 12 దాటితే అసలు తీసుకోరు. నాది 11 చూపించింది. 2025–26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాల్‌కు 8,110 రూపాయలని చెప్పుకోవడమే గానీ, ఆ కోత పోను చేతికొచ్చింది తక్కువే. సరే, ఆ గొడవ మీకు కొత్త కాదు. నేను రాయాలనుకున్నది వేరే సంగతి.

పత్తి దింపి వస్తూ పుట్టపాకలో చిన్ననాటి దోస్తు ఇంటికి పోయాను. పద్మశాలి కుటుంబం, ఇప్పటికీ మగ్గం నేస్తున్నారు. అరుగు మీద కూర్చుని చిటికీ కడుతున్నాడు, అంటే ఇక్కత్ రంగుల కోసం నూలుకు ముడులు వేస్తున్నాడు. పక్కనే నూలు కట్ట, దాని మీద మిల్లు చీటీ, చీటీ మీద తమిళ అక్షరాలు. నేను దాన్నే చూస్తుంటే, "ఇది మీ పత్తేనేమోరా, దేశమంతా తిరిగి మళ్లా మా ఇంటికొచ్చింది" అన్నాడు. నవ్వాను గానీ, ఇంటికొచ్చేదాకా అదే ఆలోచన.

నిజానికి మా దిక్కు మగ్గం పాతది, పత్తి ఇంత పెరగడం కొత్త. నా చిన్నప్పుడు మా చెలకల్లో జొన్న, సజ్జ, ఆముదం. నల్లగొండ, పాలమూరు ఆముదాలకు పేరుపడ్డ జిల్లాలు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక చూస్తుండగానే ఆముదం చేలన్నీ పత్తి చేలయ్యాయి. అప్పులూ, గులాబీ రంగు పురుగూ దాని వెంటే వచ్చాయి, అది ఇంకో లేఖకు సరిపడా కథ. ఇప్పుడు ఇంటి పెళ్లయినా, పిల్లల ఫీజులైనా పత్తి డబ్బుల మీదే. ఏరే కూలీలు, ఆటోవాళ్లు, జిన్నింగ్ మిల్లు హమాలీలు, ఎరువుల దుకాణం, అందరి లెక్కా దసరా తర్వాత వచ్చే ఆ పైసలతోనే తేలుతుంది. గద్వాల వైపైతే పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్ది ఏకంగా విత్తనమే పండిస్తున్నారు.

మగ్గం సంగతి చెప్పనక్కర్లేదు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూలును నూనెలో నానబెట్టి నేసే తేలియా రుమాలు ఒకప్పుడు అరబ్బు దేశాలకు పోయేది, దానికి 2020లో వచ్చింది. నారాయణపేట, గద్వాల చీరలు ఎటూ ఉన్నాయి. అంటే విత్తనం, పంట, జిన్నింగ్, మగ్గం అన్నీ దక్షిణ తెలంగాణలోనే. నడుమ వడికే మిల్లులే వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మగ్గానికి కావాల్సిన చిలప నూలు, అంటే చుట్టలుగా వచ్చే నూలు, చాలావరకు బయటి నుంచే.

ఒక లెక్క చూడండి. క్వింటాల్ పత్తి ఆడిస్తే 33 కిలోల దాకా దూది వస్తుంది, మిగతాది గింజ. వడికేటప్పుడు తరుగు పోయినా పాతిక కిలోల నూలు ఎక్కడికీ పోదు. చీరకు అరకిలో వేసుకున్నా యాభై చీరలు. నేను ఎనిమిది వేల లోపే అమ్మిన క్వింటాలులో యాభై చీరల నూలుందని యాభై ఏళ్లొచ్చాక గానీ తట్టలేదు నాకు.

సన్నని కౌంట్ నూలుకు మన బీటీ పత్తి పింజ సరిపోదని అంటారు, అది నిజమే. కానీ దుప్పట్లు, లుంగీలు, మామూలు నూలు చీరలకు సరిపోతుంది కదా. పత్తి పండే చోటికి దగ్గర్లోనే వడకాలన్న ఆలోచన నిజాం సర్కారుకే వచ్చింది, 1934లో వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు పెట్టారు. అదీ మూతపడిందనుకోండి. ఇప్పుడు నూలు దూరం నుంచి తెచ్చుకుంటే రవాణా ఖర్చు కేంద్ర పథకం కింద తిరిగిస్తున్నారు. దూరానికి పెట్టే ఆ డబ్బులో కొంత దగ్గర్లో మిల్లుకు పెట్టకూడదా?

చౌటుప్పల్ దగ్గర దండు మల్కాపురంలో ఇండస్ట్రియల్ పార్కు ఉంది. జిన్నింగ్ మిల్లులున్న చిట్యాల అదే హైవే మీద, పోచంపల్లి, పుట్టపాక కూడా మరీ దూరం కావు. అక్కడ చేనేత సంఘాలకు చిలప నూలు ఇచ్చే చిన్న స్పిన్నింగ్ మిల్లు ఒక్కటి పెట్టడానికి అడ్డమేమిటో చేనేత శాఖనూ, మా ప్రజాప్రతినిధులనూ మీ విలేకరి అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు మీ పేజీలో వేయాలని కోరుతున్నాను.

– ఒక పత్తి రైతు, మునుగోడు మండలం, నల్లగొండ జిల్లా