కెయెంటా దారిలో మమ్మల్ని ఆదుకున్న వారికి కృతజ్ఞతలు

డాలస్‌లో ఉంటున్న మేము మొన్న మార్చిలో, పిల్లల స్ప్రింగ్ బ్రేక్ సెలవులకు, లాస్ వేగస్ దాకా విమానంలో వెళ్ళి, అక్కడ కారు అద్దెకు తీసుకుని, యూటా, అరిజోనాల మీదుగా మాన్యుమెంట్ వ్యాలీ చూసి రావాలని బయలుదేరాము. మా వారు, నేను, ఆరేళ్ళ అమ్మాయి, రెండేళ్ళు నిండిన పిల్లవాడు, తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న అత్తయ్యగారు, వెరసి అయిదుగురం. ఆ ప్రయాణంలో వచ్చిన ఇబ్బందుల్లో కొన్ని మా చేతులారా తెచ్చుకున్నవి, కొన్ని దారి తెచ్చిపెట్టినవి. వాటిలోంచి మమ్మల్ని గట్టెక్కించిన వారిలో కొందరికి ఎదుట నిలబడి సరిగ్గా కృతజ్ఞత చెప్పుకునే వ్యవధి కూడా దొరకలేదు. వారిలో ఒక కుటుంబం తెలుగువారు. ఇది ఎలాగైనా వారి కంట పడుతుందన్న ఆశతోనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదటి రోజు జరిగినది చిన్నదే. జయాన్ జాతీయోద్యానం నుంచి తూర్పుగా వెళ్ళే దారి మెలికలు తిరుగుతూ కొండెక్కి, 1930లో తెరిచిన మైలుకు పైబడిన సొరంగంలోకి పోతుంది. ఆ మెలికల్లోనే మా పిల్లవాడు పొద్దున తిన్నదంతా కక్కుకుని, తన కారు సీటుతో పాటు పక్కనున్న మందుల సంచీని కూడా తడిపేశాడు. ఆ రాత్రి అరిజోనాలోని పేజ్ ఊరిలో లాండ్రీలో అన్నీ ఉతికి ఆరేసుకున్నాము. ఉతికేముందు సంచీలోంచి తీసి బల్ల మీద వరుసగా పెట్టిన సీసాలలో పిల్లల జ్వరం మందు అక్కడే ఉండిపోయిందన్న సంగతి మాకు మర్నాడు రాత్రి పదకొండు గంటలకు గాని తెలియలేదు.

రెండో రోజు పొరపాటు గడియారానిది. అమెరికాలో చాలాచోట్ల వేసవికి గడియారాలు గంట ముందుకు జరుపుతారు గాని, అరిజోనా రాష్ట్రంలో జరపరు. అయితే అదే రాష్ట్రంలో ఉన్న నవాహో నేషన్‌లో, అంటే నవాహో అనే ఆదివాసుల సొంత పాలనలోని ప్రాంతంలో, మాత్రం జరుపుతారు, ఎందుకంటే వారి భూమి యూటా, న్యూ మెక్సికోలలోకి కూడా విస్తరించి ఉంది. (ఆ భూమి నడిమధ్యన ఉన్న హోపీలనే మరో ఆదివాసుల ప్రాంతంలో మళ్ళీ జరపరు. ఇదంతా అత్తయ్యగారికి వివరించబోతే, "పంచాంగం చూసుకుని బయలుదేరాల్సిందర్రా" అన్నారు.) నవాహోల భూమిలోనే ఉన్న మాన్యుమెంట్ వ్యాలీలో మా జీపు ప్రయాణం నవాహో సమయం ప్రకారం సాయంత్రం నాలుగున్నరకు. మేమేమో పేజ్ సమయం చూసుకుని, రెండింటికి తీరిగ్గా బయలుదేరి, ఇంకా అరగంట మిగులుతుందని మురిసిపోతున్నాము.

ఆ మురిపెం కూడా ఎంతోసేపు నిలవలేదు. 98వ నంబరు రోడ్డు వదిలి 160వ నంబరు హైవే ఎక్కి మాన్యుమెంట్ వ్యాలీకి ముందు వచ్చే కెయెంటా ఊరి వైపు కొద్ది మైళ్ళు వెళ్ళామో లేదో, కుడివైపు వెనక టైరు పెద్ద చప్పుడుతో పోయింది. డిక్కీ తెరిచి చూస్తే స్టెప్నీ లేదు. దాని చోట ఒక చిన్న గాలి పంపూ, రంధ్రాన్ని మూసే జిగురు మందు డబ్బా ఉన్నాయి. కొత్త కార్లలో చాలావాటికి ఇప్పుడు ఇంతే ఇస్తున్నారు. మేకు దిగిన టైరుకైతే ఆ మందు పనిచేస్తుంది గాని, మా టైరు పక్కభాగం జానెడు మేర చీలిపోయింది. కారు తీసుకునే రోజున డిక్కీలోని చాప ఎత్తి చూసుకోకపోవడం మా తప్పేనని ఒప్పుకుంటున్నాను. ఫోనులో సిగ్నల్ లేదు. మా వారు పక్కనున్న మిట్ట ఎక్కి, సాయం పంపవలసిన వారితో ఎలాగో మాట్లాడితే, నాలుగు గంటలు పడుతుందని చెప్పారు.

మేము ఆగిన చోటికి యాభై అడుగుల దూరంలో, నవాహోలు రోడ్డు పక్కన నగలు అమ్ముకునే చెక్క పందిరి ఒకటి ఉంది. అందులో ఒక పెద్దావిడ ఆ రోజు బేరం ముగించి, వెండి, నీలిరాయి నగలను గుడ్డల్లో చుట్టి పెట్టెలో సర్దుకుంటున్నారు. మమ్మల్ని చూసి తనే నడిచి వచ్చి, విసురుగాలికి ఎర్రటి ఇసుక పిల్లల కళ్ళల్లో పడుతున్నదని గమనించి, ముందు అందరినీ పందిరి చాటుకు తీసుకుపోయారు. నాలుగు దాటిందని ఆవిడ అన్నప్పుడు గాని, మూడుంపావు అనుకుంటున్న మాకు గడియారం సంగతి తలకెక్కలేదు.

కాసేపటికి ఆవిడను ఇంటికి తీసుకుపోవడానికి వారి అబ్బాయి పికప్ ట్రక్కులో వచ్చారు. ఆయనకు యాభై ఏళ్ళుంటాయి. కెయెంటా బొగ్గుగనిలో పెద్ద లారీల మీద పనిచేసేవారట. 2019లో ఆ గని మూతపడిన దగ్గరనుంచి దొరికిన పనల్లా చేస్తున్నామని, ఫిర్యాదు లేని గొంతుతో చెప్పారు. మా కారులో లేని జాకీ తన బండిలోంచి తీసి, మిగతా చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, కారు కింద రెండు దుంగలు పేర్చి, పావుగంటలో చక్రం ఊడదీశారు. తర్వాత కెయెంటాలో తనకు తెలిసిన టైర్ల దుకాణానికి ఫోను చేసి, మేము వచ్చేదాకా మూయవద్దని చెప్పి, మా వారినీ ఆ చక్రాన్నీ బండిలో ఎక్కించుకుని వెళ్ళారు. వాళ్ళ అమ్మగారు మాత్రం ఇంటికి పోకుండా మాకు తోడుగా కూర్చున్నారు. పసిపిల్లలతో ఇద్దరు ఆడవాళ్ళను ఆ రోడ్డు మీద ఒంటరిగా వదిలి ఎలా పోతామని అడిగారు.

వాళ్ళు తిరిగి రావడానికి రెండు గంటలకు పైనే పట్టింది. ఆ రెండు గంటలూ మా పిల్లవాడు ఆవిడ ఉన్ని దుప్పటిలోనే ముడుచుకుని పడుకున్నాడు. ఫ్లాస్కులోంచి ఆవిడ పోసిన టీ మనం తాగే తేయాకు కాదు. ఆ నేల మీద మొలిచే ఒక మొక్కను చిన్న కట్టలుగా కట్టి, ఎండబెట్టి, నీళ్ళలో కాచుకుంటారట. పాలు లేని టీ ముట్టని మా అత్తయ్యగారు రెండు గ్లాసులు తాగారు. మా అమ్మాయి ఊరికే ఉండక, పెట్టెలో ఉన్న ముదురు గోధుమరంగు పూసల గురించి అడిగింది. అవి జూనిపర్ చెట్టు గింజలని, గింజకు ఒక కొసను చీమలే కొరికి తెరుస్తాయని, రెండో కొసను మనిషి తొలిచి దారానికి గుచ్చుతాడని ఆవిడ ఒక గింజను చేతిలో పెట్టి చూపించారు. పీడకలలు రాకుండా, చెడు సోకకుండా పిల్లలకు కడతారని చెబితే నేను తెలుగులో చెప్పబోయేలోపే అత్తయ్యగారు "దిష్టిపూసలు" అన్నారు. ఇద్దరికీ చెరొక పేట కట్టి, డబ్బు ఇవ్వబోతే ఆవిడ నా చేతిని మూసేశారు. సంచీలో ఉన్న సున్నుండల డబ్బాను అత్తయ్యగారు ఆవిడ పెట్టెలో పెడితే మాత్రం కాదనలేదు.

వారి అబ్బాయి చక్రం బిగించి, నట్లు రెండోసారి చూసుకుని, పెట్రోలు ఖర్చుకైనా కొంత తీసుకోమంటే తల అడ్డంగా ఊపి, చీకటిపడితే రోడ్డు మీదికి గుర్రాలు, ఆవులు వస్తాయి, నెమ్మదిగా పొమ్మని హెచ్చరించి వెళ్ళిపోయారు. నవాహో భాషలో కృతజ్ఞత చెప్పే మాట "అహేహే" అని మా అమ్మాయి ఆవిడ దగ్గర నేర్చుకుంది. ఆ ట్రక్కు కనబడినంతసేపూ అరుస్తూనే ఉంది. దుకాణం మూసే వేళ దాటినా ఉండి, పాత టైరే అయినా సరైన కొలతది వెతికి, మామూలు ధరకే ఇచ్చిన ఆ దుకాణదారుకూ మా నమస్కారాలు.

ఆ రాత్రి కెయెంటా మోటెల్‌లో పిల్లవాడి ఒళ్ళు కాలిపోతూ ఉంటే మందు లేదని తెలిసింది. నేను సంచీలన్నీ బోర్లించి వెతుకుతూ ఉండగా, వాణ్ణి భుజాన వేసుకుని అత్తయ్యగారు వసారాలో తిరుగుతూ "ఊరుకో నాన్నా, ఊరుకో కన్నా" అంటూ ఉన్నారు. పక్క గది తలుపు తెరుచుకుని, "మీరు తెలుగువారా అండీ?" అన్న మాట వినిపించింది. ఫీనిక్స్ నుంచి వచ్చిన ఆ దంపతులు నిద్ర మానుకుని మా గదిలో కూర్చున్నారు. థర్మామీటరు 102 దాటి చూపించింది. ఆవిడ వాడి వయసు అడగలేదు, బరువు అడిగారు. పిల్లల జ్వరం మందు వయసును బట్టి కాక బరువును బట్టి ఇవ్వడం మంచిదని చెప్పి, సీసా మీద అచ్చువేసిన పట్టీలో మా వాడి 26 పౌన్లకు 5 మిల్లీలీటర్లని నా చేత చదివించి, సిరంజితో బుగ్గ లోపలికి కొద్దికొద్దిగా పోశారు. ఆయన ఈలోగా చిన్న కుక్కరులో చారన్నం కలిపి తెచ్చారు. పొద్దుటినుంచి చిప్సు మీదే ఉన్నామని మేము ఎవరమూ చెప్పలేదు.

తెల్లవారేసరికి పిల్లవాడికి చెమట పట్టి జ్వరం దిగింది. మేము లేచి చూసేటప్పటికి వారు సూర్యోదయం చూడటానికి వెళ్ళిపోయారు. మా తలుపు గొళ్ళేనికి తగిలించిన సంచీలో మందు సీసా, థర్మామీటరు, నాలుగు కమలాలు ఉన్నాయి. పేర్లు గాని, ఫోను నంబరు గాని అడిగి తీసుకోవాలన్న ధ్యాస ఆ రాత్రి మాకెవరికీ లేకపోయింది. మోటెల్ వారు అతిథుల వివరాలు చెప్పరు, చెప్పకూడదు కూడా.

ముందురోజు మేము చేరుకోలేకపోయినా, అదనంగా ఏమీ తీసుకోకుండా మర్నాటి ఉదయం మమ్మల్ని జీపులో ఎక్కించుకున్న వారికి కూడా కృతజ్ఞతలు. గడియారం దగ్గర పొరబడి వచ్చేవారు తమకు కొత్త కాదని నవ్వుతూ అన్నారు.

ఫీనిక్స్ దంపతులకు ఒక మనవి: మందు సీసా అయిపోయింది, థర్మామీటరు మాత్రం మా దగ్గర భద్రంగా ఉంది. ఇది చదివితే ఒక్క మాట రాయండి. దానితో పాటు అత్తయ్యగారు మీ కోసం విడిగా తీసి ఉంచిన సున్నుండలు కూడా పంపిస్తాము. ఆవిడ జూన్‌లో తెనాలి తిరిగి వెళ్తున్నారు, ఆలోగానే దొరకాలని రోజూ అడుగుతున్నారు.