అంచనాలో రాయని పనులకే అసలు ఖర్చు

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండలోని మా పాత ఇంట్లో షాబాదు బండలు తీయించి టైల్స్ వేయించినప్పుడు, మేస్త్రీ చదరపు అడుగుకు చెప్పిన ధరే మొత్తం ఖర్చనుకుని పని ఒప్పజెప్పాము. పాత బండలు పీకే కూలి, మొరం పోసి నేల చదును చేయడం, ట్రాక్టరులో చెత్త ఎత్తిపోయడం, గోడ కింది అంచు వెంట అడుగుల లెక్కన వేసే టైల్స్ పట్టీ (స్కర్టింగ్) ఇవేవీ ఆ ధరలో లేవని సగం పని అయ్యాక తెలిసింది. అప్పటికి వంటగది నేలంతా తవ్వి, పొయ్యి వరండాలోకి చేరింది. ఇక బేరమాడే వీలెక్కడిది?

మేస్త్రీ మోసం చేశాడని నేను అనను. మేము అడగలేదు, ఆయన రాసివ్వలేదు. ధర కూలికేనా, సామగ్రితో కలిపా, కొలతలు ఎవరు తీస్తారు, కోతల్లో వృథా అయ్యే టైల్స్ కోసం నూటికి 5 నుంచి 10 దాకా అదనంగా ఎవరు కొనాలి, జీఎస్టీ కలిసిందా అన్నవి బయానా ఇవ్వకముందే కాగితం మీద పెట్టించుకోవాలి.

గృహనిర్మాణ సేవలు 2019 వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి వస్తాయి. వివాదం వస్తే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో చూపడానికీ ఆ కాగితమే ఆధారం. ఇటువంటి అంచనా పత్రం నమూనాను జిల్లా పేజీలో ప్రచురించాలని కోరుతున్నాను.

ఒక పాఠకుడు, నల్లగొండ