మాట రాని పిల్లలకు దేవరకొండలోనే థెరపీ అందాలి

సంపాదకునికి,

మూడేళ్లు దాటినా మాటలు రాని పిల్లలు మా అంగన్‌వాడీలో ఏటా ఒకరిద్దరు కనబడుతూనే ఉంటారు. చెవి పరీక్ష చేయించమంటే తల్లి పళ్లెం మీద గరిటెతో కొట్టి, "చూడండి టీచర్, తిరిగి చూస్తుంది కదా" అంటుంది. వినికిడి కొంత ఉన్న పిల్లలకు పళ్లెం మోత వినిపిస్తుంది గానీ స, శ వంటి సన్నని ధ్వనులు అందవు. "వాళ్ల నాయనకూ ఆలస్యంగానే మాటలొచ్చినయి" అనుకుంటూ ఇంకో ఏడాది గడిపేస్తారు.

పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలవ్వాలన్నది నిపుణుల మాట. ఆ పరీక్షలు చేసేది ఆడియాలజిస్టు. బిడ్డ నిద్రలో ఉండగానే చెవిలో చిన్న గొట్టం పెట్టి చేసే ఓఏఈ పరీక్ష నిమిషాల్లో అయిపోతుంది. అనుమానం ఉంటే, శబ్దానికి మెదడు ఎలా స్పందిస్తుందో చూసే బెరా పరీక్ష చేస్తారు. చెవి మిషన్ ఏది పెట్టాలో, ఎంతకు సర్దాలో తేల్చేదీ వాళ్లే. పరీక్ష లేకుండా దుకాణంలో మిషన్ కొని డబ్బు పోగొట్టుకుంటున్న వాళ్లను చూస్తే బాధేస్తుంది.

ఇక మాట నేర్పేది స్పీచ్ థెరపిస్టు. ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) పెట్టించినా, ఆ తర్వాత నెలల తరబడి థెరపీ సాగితేనే పిల్లకు ఆ శబ్దాలు మాటలుగా తెలుస్తాయి. పక్షవాతంతో మాట పడిపోయిన పెద్దలకూ, గుటక వేస్తే పొలమారే వాళ్లకూ వీళ్ల సాయమే కావాలి.

ఆ సాయానికి మా వైపు వాళ్లు వంద కిలోమీటర్లు దాటి హైదరాబాద్ పోవాల్సి వస్తోంది. అరగంట థెరపీకి ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీలు అదనం. మా పక్క తండా తల్లి ఒకామె పత్తి ఏరే రోజుల్లో బిడ్డను తీసుకుపోవడం ఆపేసింది. మళ్లీ పోలేదు. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

పిల్లల్లో లోపాలు, జబ్బులు ముందే గుర్తించేందుకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టు చెవుడు కూడా ఉంది. పిల్లలను గుర్తించి చీటీ రాసి పంపితే సరిపోదు. దేవరకొండ, మిర్యాలగూడ ఏరియా ఆసుపత్రుల్లో కాన్పైన ప్రతి బిడ్డకూ డిశ్చార్జికి ముందే ఓఏఈ చేయాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో వారానికి ఒక రోజైనా అర్హత ఉన్న స్పీచ్ థెరపిస్టు కూర్చోవాలి. ఏ రోజు వస్తారో ముందే చెబితే తల్లులను వెంటబెట్టుకొని తీసుకొచ్చే పని మేం చూసుకుంటాం.

– ఒక అంగన్‌వాడీ టీచర్,
దేవరకొండ మండలం, నల్లగొండ జిల్లా