ప్లేట్ల విభాగంలో సీసం ధూళి, కార్మికుల సంతాన సామర్థ్యంపై ఫిర్యాదు

ఫ్యాక్టరీ మేనేజర్ గారికి,
బ్యాటరీ తయారీ యూనిట్, వరంగల్ శివారు పారిశ్రామికవాడ.

అయ్యా,

ఈ ఏడాది ఆరోగ్య పరీక్షల చీటీలు అందరికీ అందాయి. బీపీ, షుగర్, హిమోగ్లోబిన్, ఛాతీ ఎక్స్‌రే అన్నీ ఉన్నాయి. రక్తంలో సీసం ఎంతుందన్నది మాత్రం ఒక్క చీటీలోనూ లేదు. సీసం కరిగించి, ప్లేట్లకు పూసి, పేర్చే చోట మొదట చేయాల్సిన పరీక్షే అది. దాన్ని వదిలేసి 'ఫిట్' అని ముద్ర వేయడాన్ని మా సంఘం ఒప్పుకోదు.

కడుపునొప్పి, మణికట్టు వాలిపోవడం లాంటివి సీసం ఒంట్లో బాగా పేరుకున్నాక బయటపడతాయి. వీర్యం అంతకన్నా ముందే దెబ్బతినొచ్చు. శుక్రకణంలో డీఎన్‌ఏను గట్టిగా చుట్టి ఉంచే ప్రొటమైన్ అనే ప్రొటీన్‌కు జింకు అవసరం. ఆ జింకు చోట్లోకి సీసం దూరగలదు. కణాల సంఖ్య, కదలిక తగ్గుతాయి, మనిషి మాత్రం పైకి ఆరోగ్యంగానే కనిపిస్తాడు. ఇంట్లో పిల్లలు కాకపోతే ముందు భార్యనే ఆసుపత్రుల చుట్టూ తిప్పుతారు. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 1978 నాటి సీసం ప్రమాణంలోనే, పిల్లలు కావాలనుకునే కార్మికులకు, ఆడైనా మగైనా, రక్తంలో సీసం డెసిలీటరుకు 30 మైక్రోగ్రాముల లోపు ఉండాలని రాశారు. మన దగ్గర గర్భిణులను పక్క విభాగానికి మార్చి చేతులు దులుపుకుంటున్నారు.

అసలు గండం ప్లేట్లు పేర్చే బల్ల దగ్గరుంది. అంచులు సమం కావడానికి కట్టను బల్లకు తట్టిన ప్రతిసారీ సన్నటి పొడి లేస్తుంది. ఎగ్జాస్ట్ హుడ్ తల పైన ఉండటంతో ఆ పొడి ముక్కు ముందు నుంచే పైకి పోతుంది. అంటే హుడ్ పనిచేసినా మనిషి పీల్చాకే లాగుతుంది. పీల్చే మార్గం బల్ల వెనక అంచుకో, జల్లెడ బల్ల కిందికో మార్చాలి. పొడి లేచే చోట గాలి వేగం సెకనుకు కనీసం అర మీటరు ఉండాలి. అగరుబత్తి వెలిగించి అక్కడ పెడితే పొగ ఎటు పోతుందో మీరే చూడొచ్చు. లాగిన ధూళిని పట్టే బ్యాగ్ ఫిల్టర్ మూసుకుపోతే లాగుడు పడిపోతుంది కాబట్టి ప్రెజర్ గేజ్ రీడింగ్ రోజూ రాయించాలి. చీపురుతో పొడిగా ఊడవడం వెంటనే ఆపాలి. ఊడిస్తే కింద పడ్డది మళ్లీ గాలిలోకే లేస్తుంది. సన్నటి ధూళిని కూడా పట్టేసే హెపా వాక్యూమ్ కావాలి. గుడ్డ మాస్కు సీసం ధూళిని ఆపదు, ముఖానికి సరిపోయే, సన్నటి ధూళిని ఆపే పీ100 ఫిల్టర్ల హాఫ్ మాస్కులు ఇప్పించండి.

షిఫ్టు చివర బెల్లం, అరటిపండు పంచి రక్షణ ఇచ్చామనుకోవద్దు. బెల్లం సీసాన్ని బయటకు తోయదు. డ్యూటీకి ముందు కడుపు నిండా తినడం, ఒంట్లో ఐరన్, కాల్షియం తగ్గకుండా చూసుకోవడం కొంత మేలు, ఎందుకంటే ఖాళీ కడుపు సీసాన్ని ఎక్కువ లాక్కుంటుంది.

ఆరు నెలలకోసారి అందరికీ సీసం పరీక్ష చేయించండి, రక్తంలో సీసం డెసిలీటరుకు 40 మైక్రోగ్రాములు దాటినవారికి రెండు నెలలకోసారి. వేలికొన పొడిచి తీయొద్దు, చర్మం మీది ధూళి కలిస్తే లెక్క తప్పుతుంది. షిఫ్టుకు ముందు చేయి సబ్బుతో కడిగించి, మోచేతి నరం నుంచి, లోహాలు లేని ట్యూబులోకి తీయించాలి. కోరినవారికి కంపెనీ ఖర్చుతో వీర్య పరీక్ష కూడా కావాలి: 2 నుంచి 7 రోజుల విరామం తర్వాత ఒకటి, మూడు నెలలకు మరొకటి. శుక్రకణం తయారవడానికే 74 రోజుల దాకా పడుతుంది, అందుకే ఒక్క రిపోర్టుతో తేల్చకూడదు. ఈ రిపోర్టులు ఆ మనిషి చేతికే ఇవ్వాలి, సూపర్‌వైజర్ బల్ల మీదికి రాకూడదు.

రక్తంలో సీసం లెక్క ఎక్కువ వచ్చినవారిని జీతం కోయకుండా సీసం లేని పనికి మార్చాలి. సీసం దించే మందులిచ్చి మళ్లీ అదే బల్ల దగ్గర నిలబెట్టొద్దు. ఎముకల్లో చేరిన సీసం ఏళ్ల తరబడి రక్తంలోకి ఊరుతూనే ఉంటుంది.

పని బట్టలు ఇంటికి పంపొద్దు. ఆ ధూళి చంటిపిల్లల నోట్లోకి పోతుంది. ఉతికించే బాధ్యత కంపెనీదే. స్నానాల గది, శుభ్రమైన బట్టలకు వేరే లాకరు కావాలి.

1948 ఫ్యాక్టరీల చట్టమే సీసం విషప్రభావాన్ని తప్పనిసరిగా తెలపాల్సిన జబ్బుల్లో చేర్చింది, గాలిలో ఘనపు మీటరుకు 0.15 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. పేర్చే విభాగంలో గాలి కొలతలు చివరిసారి ఎప్పుడు తీశారో, ఎంత వచ్చాయో కాపీ ఇవ్వండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే ఇదే లేఖను ఫ్యాక్టరీల శాఖకు పంపుతాం.

ఇట్లు,
కార్మిక సంఘం, ప్లేట్ల విభాగం