మంత్రి గారూ, బండి మీద పిల్లలకు కట్టే బెల్టు ఎట్లుండాలో మాకు ఎవరు చూపిస్తారు?

తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. మాది సిద్దిపేట. ఇంట్లో ఒక స్కూటీ, మూడేళ్ల పాప. మొన్న మా అమ్మగారింటి నుంచి వస్తుంటే పక్కనుంచి ఆటో ఆయన హారన్ మీద హారన్ కొడుతున్నాడు. సైడ్ అడుగుతున్నాడేమో అనుకున్నా. "అమ్మా, పిల్ల జారుతుంది, చూస్కో" అని అరిచాడు. బండి ఆపి చూస్తే నా వెనక కూర్చున్న పాప నిద్రలో ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. నడుముకు కట్టిన బెల్టు చంకల దాకా పైకి వచ్చేసింది. కాళ్లు సైలెన్సర్ వైపు వేలాడుతున్నాయి.

అది ఆన్‌లైన్‌లో 350 రూపాయలకు కొన్న బెల్టు. అంతకు ముందు నేనూ అందరిలాగే చున్నీతోనే కట్టుకునేదాన్ని. ముడి ఎంత బిగించినా నాలుగు స్పీడ్ బ్రేకర్లు దాటేసరికి వదులయ్యేదని బెల్టుకు మారాను.

ఇంటికొచ్చాక రూల్ ఏముందో వెతికి చదివాను. 2022 ఫిబ్రవరి 15న కేంద్రం ఈ రూల్‌ను మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చింది, ఏడాది తర్వాత అమల్లోకి వచ్చింది. నాలుగేళ్ల లోపు పిల్లలను బండి మీద తీసుకెళితే బెల్టు ఉండాలి, తొమ్మిది నెలలు దాటిన వాళ్లకు హెల్మెట్ ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. బెల్టు ఎట్లుండాలో కూడా వివరంగానే రాశారు. పిల్లకు కోటులా తొడగాలి. దాని పట్టీలు నడిపేవాళ్ల భుజాలకు తగిలించుకునేలా ఉండాలి. పట్టీలు పిల్ల కాళ్ల మధ్య నుంచి కూడా రావాలి. గట్టి నైలాను, లోపల ఫోమ్, 30 కిలోల బరువు ఆపాలి.

కాళ్ల మధ్య నుంచి! నా బెల్టుకు లేనిది సరిగ్గా అదే. అది లేకపోతే నిద్రపోయిన పిల్ల కిందికి జారుతుంది, బెల్టు పైకి పోతుంది.

ఆ రాత్రి దానికి పది కిలోల బియ్యం సంచి కట్టి తలుపు గొళ్లేనికి వేలాడదీశాను. చాయ్ తాగి వచ్చేసరికి ప్లాస్టిక్ బకిల్ ఊడి సంచి కింద పడి ఉంది. మా పాప పద్నాలుగు కిలోలు.

తర్వాత ఊళ్లో మూడు దుకాణాలు తిరిగాను. ఒకాయన చూపించింది జాతరలో పిల్లలు తప్పిపోకుండా చేతికి కట్టే తాడు. హెల్మెట్ అడిగితే "ఐదేళ్ల పిల్లలకైతే ఉంది మేడం" అన్నాడు. రూల్ రాసినవాళ్లకు తెలిసిన వస్తువు అమ్మేవాళ్లకు తెలియదు, కొనేవాళ్లకు అసలే తెలియదు.

"బండి పడితే పిల్ల కూడా నీతోనే పడుతుంది కదా" అని మా పక్కింటి అక్క అంటుంది. నిజమే. యాక్సిడెంట్ అయితే బెల్టు ఒక్కటే కాపాడదు, అందుకే దాంతోపాటు హెల్మెట్, 40 వేగం పెట్టారు. కానీ మా దగ్గర రోజూ జరిగేది నిద్ర, గతుకు, సడన్ బ్రేక్. వాటికి మంచి బెల్టు చాలు.

దయచేసి చలాన్లతో మాత్రం మొదలుపెట్టకండి. చలాన్ భయానికి మావాళ్లు నా 350 రూపాయల బెల్టే కొని తగిలిస్తారు, అది ఏమీ లేకపోవడం కన్నా ప్రమాదం, ఎందుకంటే బెల్టు ఉందిలే అని వెనక్కి చూడటం మానేస్తాం. నేను అట్లనే మానేశాను.

ముందు ప్రతి ఆర్టీఏ ఆఫీసులో సరైన బెల్టు ఒకటి వేలాడదీయించండి. లెర్నింగ్ లైసెన్స్‌కు వచ్చినవాళ్లు దాన్ని చేత్తో పట్టుకుని చూడాలి, ఎక్కడ తగిలించాలో ఒకసారి తగిలించుకుని తెలుసుకోవాలి. కొత్త బండితో హెల్మెట్ ఇవ్వాలని రూల్ ఉంది కదా, చిన్నపిల్లలున్న వాళ్లు అడిగితే షోరూముల్లో ఈ బెల్టు కూడా దొరికేలా డీలర్లతో మాట్లాడండి. ఎంత బరువు ఆపుతుందో రాయని బెల్టులు అమ్మకుండా చూడమని సంబంధిత శాఖలకు మీరు ఒక లేఖ రాసినా మేలే.

మా పాపకు వచ్చే ఏడాది నాలుగేళ్లు నిండుతాయి. మా మరిది కొడుకుకు ఇంకా ఎనిమిది నెలలే, వాళ్లకూ బండి ఒక్కటే దిక్కు. సిద్దిపేట ఆఫీసులో ఆ బెల్టు పెట్టిన రోజు తెలియజేయండి. బకిల్ ఊడిన నా బెల్టు కూడా పక్కన తగిలించడానికి తెచ్చిస్తాను.

ఇట్లు,
సిద్దిపేట నుంచి ఒక తల్లి