శిల్పం చదివేవాళ్ల గురించి నాలుగు ముక్కలు

ఎడిటర్ గారికి నమస్కారం. నేను శిల్పం, ఇన్‌స్టలేషన్ ఆర్ట్‌లో (అంటే ఒక చోట వస్తువులు అమర్చి ఆ చోటునే కళగా చూపించడం) పీజీ చేస్తున్నా. మీ పేపర్లో ఎగ్జిబిషన్ల వార్తలు వస్తుంటాయి గానీ ఎప్పుడు చూసినా ప్రారంభించిన పెద్దల ఫోటోనే, వెనకాల ఉన్న పని సగం కూడా కనపడదు, అందుకే రాస్తున్నా.

శిల్పం అంటే ఉలి, సుత్తి అనుకుంటారు అందరూ. మా టైమంతా అచ్చులు, వెల్డింగ్, బరువులు మోయడంలోనే పోతుంది. కంచు పోత పోయాలంటే ముందు మైనంతో బొమ్మ చేసి, దాని చుట్టూ అచ్చు కట్టి, వేడి చేస్తే మైనం కరిగి బయటికి పోతుంది, ఆ ఖాళీలోకి కరిగించిన లోహం పోస్తాం, చల్లారాక అచ్చు పగలగొట్టాలి, ఎక్కడ గాలి ఇరుక్కుంటే అక్కడ బొక్కే. రాయి కోసేటప్పుడు లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది, గుడ్డ మాస్క్ దానికి చాలదు, అయినా మంచి మాస్కులు మేమే కొనుక్కోవాలి.

ఇన్‌స్టలేషన్ కష్టం ఇంకో రకం. షో అయిపోగానే విప్పేయాలి, దాచుకోడానికి చోటుండదు, మిగిలేది ఫోటోలే. 1995లో క్రిస్టో, జాన్‌క్లోడ్ అనే ఆర్టిస్టు దంపతులు కలిసి బెర్లిన్‌లో జర్మనీ పార్లమెంటు భవనం రైక్‌స్టాగ్‌కి మొత్తం గుడ్డ చుట్టారు, ఉంచింది రెండు వారాలే, కానీ దానికి అనుమతి తెచ్చుకునే ప్రయత్నం మొదలైంది 1970ల్లో! (మేం హెచ్‌ఓడీ సంతకానికే నీరసపడిపోతాం లెండి.) "ఇది కూడా ఆర్టేనా?" అని అడగండి, తప్పులేదు, 1917లో మార్సెల్ ద్యుషాం అనే ఆర్టిస్టు ఒక యూరినల్‌ని (మూత్రం పోసే తొట్టిని) కళాఖండమంటూ ఎగ్జిబిషన్‌కి పంపినప్పట్నుంచీ అడుగుతూనే ఉన్నారు. కాకపోతే చూశాక అడగండి.

ఈసారి షో వార్త వేసినప్పుడు పని ఫోటో పెద్దగా వేసి, కింద చేసినవాళ్ల పేరు, ఏ మెటీరియల్‌తో చేశారో కూడా రాయండి సార్.

ఇట్లు,
ఒక శిల్పకళా విద్యార్థి